గంజి చూచి బట్ట కొనవద్దు

మగ్గముతో బ్రదుకు ముడివడిన మనకు ఒక సంగతి ఎవ్వరును బోధింపనక్కరలేదు. గంజి దండిగా పట్టించిన బట్ట అంగడిలో నిగనిగలాడును. ఒక్క ఉతుకుతో దాని గుట్టు బయటపడును. అందుచేతనే మన పెద్దలు బట్టను చేతబట్టిన వెంటనే వెనుకవైపు త్రిప్పి చూతురు. అంచు పట్టి లాగి చూతురు. వెలుతురున కెత్తి పడుగు పేకలు పలుచబడినవో లేదో గమనింతురు. గజము గుడ్డకు ఇంత పరీక్ష చేయు మనము, కన్నబిడ్డ మెడను, వెన్నెముకను పరుల చేతిలో పెట్టునప్పుడు మాత్రము గంజిని చూచి మురిసిపోవుచున్నాము. ఈ మాట కొందరికి కటువుగా తోచవచ్చును. తోచినను చెప్పక తప్పదు.

పిల్లలకు జిమ్నాస్టిక్సు నేర్పింపవలెనను కోరిక భివండీలోని తెలుగు కుటుంబములలో మొలకెత్తుట శుభసూచకము. దానిని నేను మనసార ఆహ్వానించుచున్నాను. కాని ఏ వ్యాయామశాలకు పంపవలెనను ప్రశ్న వచ్చినప్పుడు మన యిండ్లలో జరుగు విచారణ ఎట్టిది? గోడమీద ఎన్ని పతకములు వ్రేలాడుచున్నవి? వార్షికోత్సవములో పిల్లలు ఎంత ఎత్తు ఎగిరిరి? దుస్తులెంత సొంపుగా నున్నవి? మన వీధికెంత దగ్గర? ఈ నాలుగు ప్రశ్నలతో విచారణ ముగిసిపోవును. అడుగవలసిన మొదటి ప్రశ్న వీనిలో లేదు. “ఇక్కడ పిల్లవానికి ఎగురుట ఎన్నడు నేర్పుదురు?” అని కాదు, “పడుట ఎట్లు నేర్పుదురు?” అని అడుగవలెను. పడుట నేర్పని శాల ఎంత ప్రసిద్ధమైనను మన బిడ్డకు తగినది కాదు. ఈ వ్యాసమున నేను స్థాపింపదలచినది ఇంతే.

మన పూర్వులు నల్లగొండ, వరంగల్లు, కరీంనగరము మున్నగు సీమలనుండి బొంబాయి మిల్లులకును, షోలాపురమునకును, ఈ భివండీకిని తరలివచ్చిరి. 1982 జనవరి 18న బొంబాయి మిల్లు కార్మికుల సమ్మె ఆరంభమైన పిదప ఆ మిల్లుల యుగము సన్నగిల్లగా, భివండీ పవర్‌లూముల సందడి మరింత హెచ్చినది. పద్మనగరములోను, కామత్‌ఘర్‌లోను స్థిరపడిన మన కుటుంబములకు వచ్చిననాడు ఉన్న ఆస్తి యేమి? రెండు చేతులు, వంగి లేవగల నడుము, తెగిన పోగును క్షణములో పట్టగల చూపు. ఒక మనిషి మణికట్టు విరిగినచో ఒక యింటి పొయ్యి ఎన్ని దినములు చల్లబడునో మనకు తెలిసినంతగా మరొకరికి తెలియదు. కనుక దేహభద్రతను గూర్చి మాటలాడుట పిరికివారి పనియని మనలో ఎవ్వరును అనరాదు. దేహమే మన మూలధనము.

మొదట పతకముల సంగతి విచారింతము. పతకము గెలిచిన పిల్లవాని ఫోటో గోడమీద కనబడును. అదే శాలలో మోకాలు చెడి మానివేసిన పిల్లవాని ఫోటో ఏ గోడమీదను కనబడదు. పదిమంది చేరిన చోట ఒకడు గెలిచి నలుగురు గాయపడి పోయినచో అది విజయమా, అపజయమా? లెక్క తెలిసిన వ్యాపారి లాభమును మాత్రమే చూపు చిట్టాను నమ్మునా? కావున గెలిచిన వారెందరని అడుగుటకు ముందు, మూడేండ్ల క్రిందట చేరిన పిల్లలలో నేడు ఎందరు మిగిలియున్నారు, మిగిలినవారు ఏల మానిరి అని అడుగుడు. మంచి గురువు ఈ ప్రశ్నకు కోపించడు.

పతకమునకై పరుగెత్తుట ఎంత దూరము తీసికొనిపోవునో తెలుపు ఉదాహరణము ఒకటి లోకమెరిగినదే కలదు. సోవియట్ దేశమునకు చెందిన ఎలెనా ముఖినా 1978లో ప్రపంచ విజేత. ఆ మరుసటి యేట ఆమె కాలు విరిగినది. అది పూర్తిగా కుదుటపడక మునుపే, మాస్కో ఒలింపిక్సు ముంచుకొని వచ్చుచున్నవను తొందరలో, ఆమెచే కఠినమైన విన్యాసములు చేయించిరి. 1980 జూలై 3న మిన్‌స్క్ నగరములో సాధన చేయుచుండగా గాలిలో త్రిప్పు చాలక గడ్డము నేలకు తగిలి మెడ విరిగినది. అప్పటికామె వయస్సు 20 సంవత్సరములు. 2006లో మరణించువరకు ఆమె మంచము దిగి నడువలేదు. ఆ విన్యాసమును తరువాత స్త్రీల పోటీలలో నిషేధించిరి. ప్రపంచములోకెల్ల శ్రేష్ఠమైన శిక్షణయని పేరుపొందిన చోట, ప్రపంచ విజేతకే ఈ గతి పట్టినది. ఇక మన వాడలో, చదరపు గజములు లెక్కించి అద్దెకు తీసికొన్న గదిలో, ఏడేండ్ల పిల్లచే వార్షికోత్సవపు తేదీ దగ్గర పడినదని తొందరపెట్టి పిల్లిమొగ్గలు వేయించువారికి ఏ మినహాయింపు ఇయ్యగలము?

కొందరు పెద్దలు ఇచ్చట ఒక ఆక్షేపణ తెత్తురు. “మా కాలమున పరుపులెక్కడివి? గరిడీలో సాము చేయలేదా? కోడి రామమూర్తి నాయుడు పరుపులపై పొరలియే బలశాలి యయ్యెనా?” అందురు. ఈ ఆక్షేపణను చిన్నచూపు చూడరాదు. కాని దీనికి సమాధానము ఆ పూర్వపు గరిడీలోనే కలదు. గరిడీ నేల ఎట్టిదో వారు జ్ఞాపకము చేసికొందురు గాక. మట్టిని త్రవ్వి, జల్లించి, నూనె, పసుపు, మజ్జిగ కలిపి, నిత్యము గుల్లచేసి మెత్తగా ఉంచెడివారు. ఆ గుల్లమట్టియే పూర్వుల పరుపు! దానిని కప్పివేసి, సిమెంటు గచ్చు పోసి, ఆ గచ్చుపై పలుచని గుడ్డ పరచి, “పూర్వులకు పరుపు లేదు” అనుట ఎంత విపరీతము!

మహారాష్ట్రమున మల్లఖాంబు చరిత్రయు ఇదే పాఠము చెప్పుచున్నది. రెండవ బాజీరావు పీష్వా కొలువులో మల్లవిద్యాగురువైన బాలంభట్ట దాదా దేవధర్ ఈ విద్యను పునరుద్ధరించి ఒక క్రమమునకు తెచ్చెనని ప్రసిద్ధి. నేలలో పాతిన కొయ్యకు ఆముదము పూసి, దానిపై శరీరమును ఆడించుటయే ఈ విద్య. ముందు కొయ్యను పట్టుకొనుట, తరువాత ఎక్కుట, దిగుట, ఆ పిమ్మటనే తలక్రిందులగుట — ఈ మెట్లలో ఒక్కటి దాటవేసినను మంచి గురువు ఒప్పుకొనడు. ముంబయి శివాజీ పార్కులోని శ్రీ సమర్థ వ్యాయామ మందిరము 1925 నుండి ఈ విద్యను నిలుపుకొని వచ్చుచున్నది. అచ్చటి గురువు ఉదయ్ దేశ్‌పాండేను 2024లో పద్మశ్రీ వరించినది. 2019 ఫిబ్రవరిలో మొదటి ప్రపంచ మల్లఖాంబు పోటీలు ముంబయిలోనే జరిగినవి. ఇంతటి సంపద మన గడపకు రైలు దూరములో నున్నది. అది మరాఠీవారిదని దూరముగా నిలుచుట మన అవివేకము. మనము త్రాగు నీరు ఈ నేలది. మన పిల్లలు వీధిలో ఆడు భాష ఈ నేలది. ఈ నేల విద్య మాత్రము పరాయిది ఎట్లగును? పరాయిదని దానిని విడిచి, మన భాషలో పలుకరించినాడను ఒక్క కారణముచే శిక్షణ లేని వానికి బిడ్డ నప్పగించుట అంతకన్న పెద్ద అవివేకము. “మనవాడే” అనుట పెండ్లి విందునకు పిలుచుటకు చాలును. బిడ్డ వెన్నెముకకు చాలదు. అతడు పాటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ వంటి చోట శిక్షకవిద్య నభ్యసించెనా, ఎవరి వద్ద ఎన్నేండ్లు శిష్యరికము చేసెను, జిల్లా సంఘముతో అతని శాలకు సంబంధము గలదా అని అడుగుట అవమానింపుట కాదు. బీములు అప్పగించుటకు ముందు సైజింగువానిని ఇంతకన్న గట్టిగానే అడుగుదుము.

ఇక భవనముల మోజు. అద్దాల గోడలు, రంగు దీపములు, శీతల యంత్రములు చూచి కొందరు కన్నులు చెదరి నిలుతురు. పైన పటారము, లోన లొటారము అను సామెత ఇట్టివానికే పుట్టినది. అగర్తలాకు చెందిన దీపా కర్మాకర్ కథ ఇచ్చట స్మరింపదగినది. ఆరవ యేట సాధన ప్రారంభించిన ఈ బాలికకు పాదములు చదునుగా నుండెను. ఈ క్రీడకు అది పెద్ద లోపము. గురువులు ఓపికతో ఏండ్లకొలది ఆ పాదములను సాధనచే తీర్చిదిద్దిరి. తొలినాళ్లలో పాత స్కూటరు భాగములతో చేసిన ఉపకరణముపై ఆమె సాధన చేసినదని చెప్పుదురు. అట్టి యామె 2016 రియో ఒలింపిక్సులో వాల్టు విభాగమున 15.066 అంకములతో నాలుగవ స్థానమున నిలిచినది. కంచు పతకము 0.150 అంకములో తప్పినది. ఒలింపిక్సునకు అర్హత పొందిన మొదటి భారతీయ మహిళా జిమ్నాస్టు ఆమెయే. 2024 మే మాసమున తాష్కెంటులో ఆసియా స్వర్ణము గెలిచి, అదే సంవత్సరము అక్టోబరులో విరమించినది. దీనినిబట్టి పరికరములు అక్కరలేదని కొందరు వాదింతురేమో. ఆ వాదము తప్పు. హంగులు లేకున్నను గురువు శ్రద్ధ మెండుగా నుండినదనుటయే దీని సారము. అద్దాలకు పెట్టిన సొమ్ములో సగము దట్టమైన పరుపులకు పెట్టియుండిన శాలయే నిజమైన శాల.

భవనము విషయములో మరియొక మాట భివండీవారు విశేషించి తలపవలసి యున్నది. 2020 సెప్టెంబరు 21వ తేదీ తెల్లవారుజామున పటేల్ కాంపౌండులోని జిలానీ భవనము కూలి 35 మందికి మించి ప్రాణములు కోల్పోయిరి. ఆ దుఃఖమును మనము మరచిపోయితిమా? పాతబడిన మేడమీద, క్రింది అంతస్తులో లూములు నేలను అదరగొట్టుచుండగా, పై అంతస్తులో ముప్పదిమంది పిల్లలు ఒక్కసారి ఎగిరి దుముకు చోటికి బిడ్డను పంపుటకు ముందు ఆ మేడ వయస్సెంతో, దిగుటకు ఎన్ని దారులున్నవో అడుగకుండుట ఎట్టి నిర్లక్ష్యము! ఎత్తైన కప్పుగల గోదాములు ఈ క్రీడకు అనుకూలములే. కాని గోదాము నేల సరకు దించుటకు పోసిన గచ్చు. దానిపై ఏమి పరచిరో వంగి చేతితో నొక్కి చూడవలెను. ఫోనులో వారు చూపు అర నిమిషపు చిత్రములో ఆ నేల కనబడదు.

అన్నింటికన్న ప్రమాదకరమైన భ్రాంతి మరొకటి కలదు. “కొట్టి, తిట్టి నేర్పువాడే గట్టి గురువు” అను నమ్మకమది. మొక్కై వంగనిది మానై వంగునా యని మన పెద్దలు చెప్పిరి. నిజమే. కాని మొక్కను వంచుట వేరు, విరుచుట వేరు. ఎదుగు వయస్సులో ఎముకల చివరలు మెత్తగా నుండును. మణికట్టుపై దేహభారమంతయు మోపు ఈ క్రీడలో అవి త్వరగా దెబ్బతినును. పిల్ల కాళ్లు చాపి కూర్చుండగా వీపుపై మోకాలు పెట్టి అదిమి, ఏడ్చుచున్నను విడువక, “ఇదే సాధన” అను శిక్షకుని చూచి తల్లిదండ్రులు తల యూపుచున్నారు! బడిలో ఉపాధ్యాయుడు ఇట్లు చేసినచో మనము ఊరకుందుమా?

ఈ కాఠిన్యమును మెచ్చుకొన్న పెద్ద దేశములు దానికి పెద్ద మూల్యము చెల్లించినవి. బ్రిటనులో 2022 జూన్ మాసమున వెలువడిన వైట్ విచారణ నివేదికకు 400కు మించి విన్నపములు చేరినవి. గాయములున్నను సాధన చేయించుట, పిల్లలకు తిండి, నీరు, మరుగునకు పోవుట సైతము నిరోధించుట అందు బయటపడినవి. అమెరికాలో జాతీయ జట్టు వైద్యుడైన లారీ నాసర్ ఏండ్ల తరబడి బాలికలపై చేసిన అత్యాచారములకు 2018 జనవరిలో 40 నుండి 175 సంవత్సరముల శిక్ష పడినది. 150 మందికి మించిన స్త్రీలు న్యాయస్థానమున తమ బాధను వినిపించిరి. వారిలో కొందరు బాల్యముననే పెద్దలకు చెప్పిరి. ఆ పెద్దలు పతకములవైపు చూచిరి గాని బిడ్డలవైపు చూడలేదు. ఇది ఎక్కడనో జరిగినదని నిట్టూర్చి ఊరకుండరాదు. బిడ్డ మాటకంటె సంస్థ ప్రతిష్ఠ ముఖ్యమని పెద్దలు తలచిన ప్రతి చోటను ఇట్టి పాపము దాగును. మన దేశమున 2012 నాటి పోక్సో చట్టము పదునెనిమిదేండ్లలోపు బాలబాలికల నందరిని రక్షించుటకే యేర్పడినది. ఆపదలోనున్న బిడ్డకై 1098 సంఖ్యకు ఫోను చేయవచ్చును. ఈ రెండు సంగతులు ప్రతి యింటను తెలిసియుండవలెను.

కావున తల్లిదండ్రులు లోపలికి రాకూడదు, చూడకూడదు, అను నియమము గల శాల గుమ్మము తొక్కవద్దు. “మీరు కూర్చున్నచో పిల్లల దృష్టి చెదరును” అందురు. మూలన నిశ్శబ్దముగా కూర్చున్న తల్లివలన దృష్టి చెదరు పిల్ల, వేయిమంది యెదుట వేదికపై ఎట్లు నిలుచును? ఇది కుంటిసాకు. అట్లే, భయమగుచున్నదని చెప్పిన బిడ్డను ఎగతాళి చేయు చోటు తగదు. సిమోన్ బైల్స్ కన్న గొప్ప జిమ్నాస్టు ఈ కాలమున లేదనుట అతిశయోక్తి కాదు. 2021లో జరిగిన టోక్యో పోటీలలో గాలిలో తన దేహము ఎటు తిరుగుచున్నదో తనకే తెలియకున్నదని గ్రహించి ఆమె తప్పుకొన్నది. పిరికిదని తిట్టినవారున్నారు. ఆమె 2024లో పారిస్‌లో మూడు స్వర్ణములు గెలిచినది. ఆగుట తెలిసినందుననే ఆమె తిరిగి ఎగురగలిగినది. అంతటి దానికి “వద్దు” అను హక్కు ఉండగా, మన తొమ్మిదేండ్ల పిల్లకు లేదా?

ఆడపిల్లల మాట వచ్చినది కనుక దాని నిచ్చటనే తేల్చుదము. పది, పదునొకండేండ్లు రాగానే ఆడపిల్లను మాన్పించుట మన యిండ్ల ఆచారమైపోయినది. “దొమ్మరాట మనకేల?” అని ముసలమ్మలు ఈసడింతురు. ఈ మాటలో రెండు తప్పులున్నవి. గడపైకెక్కి గాలిలో ఆడిన దొమ్మరి స్త్రీ మన తెలుగు నేలపై ఈ విద్యను తరతరములు నిలిపిన కళాకారిణి. ఆమె విద్యను చూచి చప్పట్లు కొట్టి, ఆమెను హీనముగా చూచిన సిగ్గు మనదే గాని ఆమెది కాదు. రెండవది, మన హైదరాబాదు పిల్ల బుద్దా అరుణారెడ్డి 2018 ఫిబ్రవరిలో మెల్‌బోర్న్ ప్రపంచకప్పులో వాల్టు విభాగమున కంచు పతకము గెలిచి, ప్రపంచకప్పులో వ్యక్తిగత పతకము గెలిచిన మొదటి భారతీయ జిమ్నాస్టుగా పేరొందినది. ఆమె యింటివారు పదవయేట మాన్పించియుండినచో ఆ పతకమెక్కడిది? అయినను నేను పతకము కొరకు చెప్పుటలేదు. పన్నెండేండ్ల పిల్లకు తన దేహముపై తనకు అదుపు కలదను ధైర్యము ఏ పతకమునకు తీసిపోదు. అడుగవలసినది ఒక్కటే: ఆ శాలలో స్త్రీ శిక్షకురాలున్నదా? పిల్లను ఎత్తునప్పుడు, పట్టుకొనునప్పుడు ఎక్కడ చేయి వేయుదురో ముందుగా తల్లికి చెప్పుదురా? దుస్తులు మార్చుకొనుటకు తలుపు గల గది యున్నదా? ఉన్నచో పంపుడు. లేనిచో ఏర్పాటు చేయుడని గట్టిగా అడుగుడు. శాలలోని లోపమునకు పిల్ల నింటిలో కూర్చుండబెట్టుట న్యాయము కాదు.

“మాకు తీరిక యెక్కడిది? పన్నెండు గంటలు లూములవద్ద నిలిచినవాడు వ్యాయామశాలకు పోయి కూర్చుండునా?” అని అడుగువారికి జవాబు చెప్పవలసియున్నది, ఏలయన ఇది సాకు కాదు, సత్యము. రాత్రి పాళీ చేసి పగలు నిద్రించు తండ్రిని నిందించుట అన్యాయము. కాని ఒంటరిగా చేయలేని పని వాడకట్టు కలిసి చేయగలదు. ఒకే శాలకు ఐదు కుటుంబముల పిల్లలు పోవుచున్నచో, వారమునకు ఒక్కొక్క సాయంత్రము ఒక్కొక్క యింటి పెద్ద పోయి కూర్చుండవచ్చును. అమ్మమ్మ పోవచ్చును, మేనమామ పోవచ్చును. తెలియని విద్యను గూర్చి వారేమి చెప్పగలరందురా? పిల్ల నవ్వుచు వచ్చుచున్నదో, బిగుసుకొని వచ్చుచున్నదో చెప్పుటకు విద్య అక్కరలేదు.

వారేమి చూడవలెనో సూటిగా చెప్పెదను. చేరుటకు ముందు, చెప్పకుండ ఒక దినము పోవలెను. వార్షికోత్సవము నాడు కాదు, మామూలు మంగళవారము నాడు. మొదటి పావుగంట పిల్లలచే ఒళ్లు వెచ్చబరచు కసరతు చేయింతురా, లేక వచ్చీరాగానే దుముకుమందురా గమనింపవలెను. క్రొత్తగా వచ్చిన పిల్లకు ముందు వెనుకకు దొర్లుట, గడ్డము రొమ్మునకు చేర్చి గుండ్రముగా పడుట, చేతులు బిగబట్టక వదలుట నేర్పుచున్నారో లేదో చూడవలెను. ఒక్క శిక్షకుని క్రింద ఎందరు పిల్లలున్నారో లెక్కింపవలెను. నలుబదిమంది కొకడున్నచో పడువానిని పట్టువాడెవ్వడు? గాయమైనప్పుడు ఏ ఆసుపత్రికి కొనిపోవుదురు, వాహనమెవరిది, తల్లిదండ్రులకు ఎంతసేపటిలో తెలుపుదురు అని అడుగవలెను. తడుముకొనకుండ జవాబు వచ్చినచో అది ముందుగా ఆలోచించిన శాల. “అట్టిది మా వద్ద ఎన్నడును జరుగలేదు” అను జవాబు వచ్చినచో లేచి నమస్కరించి రావలెను. పిల్లలు ఎగురు చోట ఎన్నడును పడలేదనువాడు నిజము చెప్పుటలేదు.

ఈ పరీక్షలో నెగ్గు శాల మన వీధిలో లేకపోవచ్చును. ఠాణేకో, కల్యాణ్‌కో, డోంబివలికో పోవలసి రావచ్చును. దూరము కష్టమే. వారమునకు ఆరు దినములు దగ్గరి చెడ్డ చోటికి పంపుటకంటె రెండు దినములు దూరపు మంచి చోటికి పంపుట మేలు. అదియు సాధ్యము కానిచో గుల్లమట్టి గల పాత తాలీములో దండెములు, బస్కీలు తీయించుడు, మైదానములో పరుగెత్తించుడు. పిల్లవాడు జిమ్నాస్టు కాకపోయినచో మునిగిపోవునది లేదు. పంగువైనచో ఇల్లంతయు మునుగును. ప్రపంచ సంస్థయే 1997 నుండి స్త్రీల పెద్ద పోటీలకు కనీస వయస్సు 16గా పెంచినది. అంతవారికి లేని తొందర మనకేల?

చివరగా మన సంఘములకు ఒక మాట. ఏటేట సన్మానములకు శాలువలు కొనుచున్నాము, పూలదండలు తెప్పించుచున్నాము, పతకము గెలిచిన పిల్లవానిని వేదిక నెక్కించి మన పేరు చెప్పుకొనుచున్నాము. గెలిచిననాడు మనవాడను సంఘము, నేర్చుకొనునాడు ఎక్కడ నున్నది? ఈ సంవత్సరము శాలువల సొమ్ముతో దట్టమైన పరుపులు రెండు కొని, మన పిల్లలు పోవు శాలకు ఇచ్చినచో ఏ సన్మానమునకు తక్కువ? ఒక స్త్రీ తప్పక ఉండునట్లు ముగ్గురితో ఒక చిన్న సమితి నేర్పరచి, చుట్టుపట్ల నున్న శాలలను చూచి, చూచినది చూచినట్లు తల్లిదండ్రులకు చెప్పించినచో ఎంత మేలు! అందులకు పెద్ద ధనము అక్కరలేదు. మొగమోటము లేకుండ నిజము చెప్పు ధైర్యము కావలెను. శాల యజమాని మన బంధువైనను, సంఘమునకు చందా ఇచ్చువాడైనను, నేల గట్టిగా నున్నచో గట్టిగా నున్నదనియే చెప్పవలెను.

ఇట్లు అడుగుట మొదలుపెట్టిన నాడు శాలలును మారును. కొనువాడు వెనుకవైపు త్రిప్పి చూచునని తెలిసిన నేతగాడు నేతలో మోసము చేయడు. మన బిడ్డల దేహములను ఇతరుల చేతిలో పెట్టుచున్న మనము, బట్టపై చూపు శ్రద్ధలో సగమైనను వారిపై చూపుదుము గాక.